థర్మామీటర్ ఉండాల్సిన మేకు

మా ఉస్తాద్ మొన్న మంగళవారం మధ్యాహ్నం ఒక వ్యాన్ ఇంజన్ మీదికి వంగినవారు వంగినట్టే కూలిపోయారు. ఆసుపత్రి చేరేలోపే ప్రాణం పోయింది. వయసు మీద పడింది కదా అని మా వర్క్‌షాప్ యజమాని వచ్చినవాళ్లందరికీ చెబుతున్నాడు. కాదు. వేడి ఫలానా గీత దాటితే మధ్యాహ్నం పని ఆపుతానని మాకు మాటిచ్చి, ఆ గీత గీసిన థర్మామీటర్‌ను తన ఆఫీసు గదిలో కూలర్ పక్కన తగిలించింది ఇతనే. ఈ తప్పు ఇతనిది. ఎవరి ముందైనా ఇదే చెబుతాను.

నేను అదే షెడ్డులో వైరింగ్ పని చేస్తాను. రాంగోపాల్‌పేట్ గల్లీలో రేకుల కప్పు కింద మా పని. ఉస్తాద్ ఇంజన్ల మనిషి. మీసానికి నల్లరంగు, భుజాన తడి తువ్వాలు, నోట్లో ఎప్పుడూ ఎవరి మీదో ఒక ఎత్తిపొడుపు. చాయ్ సాసర్లో పోసుకుని అది చల్లారేదాకా మమ్మల్ని తిట్టేవారు. నా జేబులో యూనియన్ కరపత్రం కనబడితే చాలు, "ఏందిరా, ఇయ్యాల ఇంక్విలాబ్ ఎప్పుడు? అన్నం తిన్నంక పెట్టుకోరాదు" అనేవారు. అప్పుడు ఒళ్లు మండేది. ఇప్పుడు నవ్వొస్తుంది.

ఈ ఎండాకాలం మొదట్లో అల్వాల్ నుంచి ఒక స్కూలు వ్యాన్ వచ్చింది. పొద్దున చల్లగాలిలో కూడా ఎత్తు ఎక్కడం లేదని డ్రైవర్ గోల. ఉస్తాద్ బానెట్ ఎత్తి కాసేపు తడిమి, ఫక్కున నవ్వారు. ఇంజన్ పీల్చే గాలి ఎంత వేడిగా ఉందో చూసే చిన్న సెన్సర్ ఒకటుంటుంది. ఫిల్టర్ దాటాక, గాలి గొట్టంలో, లోపలి గాలి దాని కొనకు తగిలేలా పెడతారు. చల్లటి గాలి చిక్కగా ఉంటుంది, వేడి గాలి పల్చన. అది చెప్పినదాన్ని బట్టే బండి కంప్యూటర్ పెట్రోలు ఎంత పోయాలో లెక్క కడుతుంది. ఈ వ్యాన్‌లో క్లిప్పు విరిగితే ఎవరో మహానుభావుడు దాన్ని గొట్టంలోంచి పీకి, రేడియేటర్ పక్కన తీగతో కట్టాడు. గొట్టానికి పడ్డ తూటు మీద టేపు అంటించాడు.

"ముక్కు తీస్కపోయి పొయ్యి మీద పెట్టిండ్రు" అన్నారు ఉస్తాద్. "గాలేమో సల్లగుంది. ఇదేమో కాలిపోతున్న అంటది. పెట్రోలు తక్కువ పోస్తది. ఇగ బండి యాడికెల్లి గుంజుతది?"

"సెన్సర్ ఖరాబైందా ఉస్తాద్?" డ్రైవర్ అడిగాడు.

"అది సక్కగనే ఉంది. ఉన్న జాగ తప్పు. గాలి యాడ పీలుస్తదో ఆడ్నే సూడాలె."

అంటూనే ఆయన తలెత్తి రేకుల వంక చూశారు. తర్వాత ఆఫీసు గది వంక చూశారు. ఆ మధ్యాహ్నమే లోపలికి వెళ్లారు, వెనక నేను.

"సేట్, మీ థర్మామీటర్ సుత గిట్లనే ఉంది. మేం పీల్చేది షెడ్ల గాలి, అది సూసేది కూలర్ గాలి. జెర అవతల పెడ్దాం."

"షెడ్ల పెడితే పలుగుతది ఉస్తాద్. ఈడ భద్రంగుంది" అన్నాడు యజమాని నవ్వుతూ.

"అది భద్రంగనే ఉంది సేట్. నేను మా సంగతి అడుగుతున్న."

"సూద్దాం తియ్."

నేను మాట తూలబోయాను. ఉస్తాద్ నా మణికట్టు పట్టుకుని బయటికి లాక్కొచ్చారు. "కోపం సుత గాలే బేటా. ఎంత వేడుందో సూస్కోకుండ లోపటికి గుంజకు" అన్నారు. ఆ తర్వాత రోజూ ఆయన అడిగారు. రోజూ 'సూద్దాం' అనే జవాబొచ్చింది.

మంగళవారం పానాలు ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. ఉస్తాద్ పని ఆపుదామని అడగడానికి వెళ్లి, వెంటనే తిరిగొచ్చారు.

"గీత దాటలేదంట" అన్నారు.

ఎత్తిపొడుపు లేదు, తిట్టు లేదు. తువ్వాలు తడిపి ముఖం తుడుచుకుని, పక్క స్తంభానికున్న మేకుకు తగిలించి, ఆ రోజు పనికొచ్చిన వ్యాన్ ఇంజన్ మీదికి వంగారు.

తువ్వాలు ఇంకా ఆ మేకుకే ఉంది. తీయడానికి ఎవరికీ చేతులు రావడం లేదు. ఎండి అట్టలా బిగుసుకుపోయింది, మడతల్లో ఆయన తుడుచుకున్న గ్రీజు మరక. కింద పని మాత్రం మధ్యాహ్నాల్లో ఇంకా నడుస్తూనే ఉంది. రేపు వంగేది ఇంకొకరు.

థర్మామీటర్ ఉండాల్సింది ఆ మేకుకే. బన్సీలాల్‌పేట్ నుంచైనా అల్వాల్ నుంచైనా, మోటారు పని చేసే ప్రతి ఒక్కరూ సోమవారం మధ్యాహ్నం రెండింటికి మా షెడ్డుకు రండి. నినాదాలు వద్దు, ఉస్తాద్ ఎగతాళి చేసేవారు. థర్మామీటర్‌ను యజమానే తన చేత్తో తెచ్చి ఆ తువ్వాలు పక్కన తగిలించాలి. దాని లోపలి ఎర్రరంగు ఆ గీతను దాటి పైకెక్కుతుంటే, ఉస్తాద్ పీల్చిన గాలి పీలుస్తూ, అతనితో పాటు అందరం అక్కడే నిలబడి చూద్దాం.