పెద్దవాళ్ళు వస్తున్నారని సున్నం వేసిన గోడ

ప్రభుత్వాన్ని అడగడం మా ఊరికి చేతకాదు. వేడుకోవడం మాత్రం బాగా వచ్చు. ఈ రెండింటికీ తేడా ఏముందని ఎవరైనా అంటే, మా వీధి చివర పారే గెడ్డ పక్కన ఉన్న ఒక గోడ సంగతి చెబుతాను. చెప్పిన ప్రతిసారీ కోపం వస్తుంది. ఇప్పుడు రాస్తున్నా వస్తూనే ఉంది.

ఊరి పైభాగంలో పడ్డ వాన ఆ గెడ్డలోంచి శారదా నదికి పోవాలి. పోదు. రెండు ఒడ్డులూ తినేసి మేడలు కట్టారు. మిగిలిన సందులో ఊరి మురుగు, ప్లాస్టిక్ సంచులు, బెల్లం మార్కెట్లోంచి కొట్టుకొచ్చే చెత్త. గట్టి వాన పడితే గెడ్డ వెనక్కి తన్ని పల్లంలో ఉన్న సందులోకి వస్తుంది. ఆ సందులో మొదటి ఇల్లు చేపలమ్మే ఆమెది. రాంబిల్లి వైపు సముద్రపు పల్లెలో పుట్టి మా ఊరి కోడలైంది. పొద్దున్నే ఆటోలో తీరానికి వెళ్ళి చేపలు తెచ్చి మా వీధుల్లో అమ్ముతుంది. నన్ను మేస్టారూ అని పిలుస్తుంది, నేను చెల్లెమ్మా అంటాను. వాన మొదలైతే ఆ ఇంట్లో మంచం కాళ్ళ కింద ఇటుకలు పెడతారు, బియ్యం డబ్బా అటక ఎక్కిస్తారు. నీళ్ళు తీశాక వారం రోజులు ఆ గదిలో అన్నం తినబుద్ధి కాదు.

ఆమె ఇంటి వీధి గోడ మీద ఏటేటా వచ్చిన నీళ్ళ మరకలు చారలు చారలుగా ఉండేవి. ఒకసారి నేను చూస్తూ నిలబడితే, అత్తవారింటి ఫొటోలు చూపించినట్టు వేలు పెట్టి చూపించింది.

"ఇదిగో, ఇది పెద్ద తుపానుది. దీని కిందది మా వోడికి అచ్చుతాపురం కంపెనీలో ఉజ్జోగం వచ్చిన ఏడాదిది. మొదటి రోజు కంపెనీ బస్సు ఎక్కడానికి ప్యాంటు మడిసి, బూట్లు నెత్తి మీద ఎట్టుకుని ఎళ్ళేడు."

గెడ్డకు గోడలు కట్టి వెడల్పు చేయాలి. అంతే పని. డబ్బు కావాలి. మా వార్డు ప్రతినిధి నాతో బడిలో చదువుకున్నవాడు, బెల్లం వ్యాపారుల ఇంటి బిడ్డ. ఒకరినొకరం బావా అనుకుంటాం. ఒకరోజు ఇంటికొచ్చి, రాజధానికి బృందంగా వెళ్తున్నామనీ, మంత్రిగారికి ఇవ్వాల్సిన వినతిపత్రం నేను రాయాలనీ అడిగాడు.

రాశాను. ఒక్క పేజీ. మా మున్సిపాలిటీని పక్కనున్న మహానగరంలో కలిపేశాక ఇక్కడి పన్నులు అక్కడికి పోతున్నాయి, పనులు మాత్రం తిరిగి రావడం లేదు. కనుక ఇక్కడ వసూలయ్యే పన్నులో కొంత భాగం ఇక్కడే ఖర్చు పెట్టేలా నిబంధన సవరించాలి, అది మొదటిది. గెడ్డ పనికి నిధులు మంజూరు చేయాలి, అది రెండోది. కారణాలు, వెనక మున్సిపల్ ఇంజనీర్లు గీసిన గెడ్డ పటం. వయసులో ఉన్నప్పుడు మేం గ్రంథాలయం హాల్లో వాదాలు పెట్టుకునేవాళ్ళం. మూఢనమ్మకాల మీద, కులం మీద, వితంతు వివాహం మీద. అక్కడ నేర్చుకున్నది ఒక్కటే: మాట చెప్పు, కారణం చెప్పు, కూర్చో. అలాగే రాశాను.

వాళ్ళతో నేనూ రైలెక్కాక చూస్తే పేజీ రెండు పేజీలైంది. పైన కొత్త పేరా. మంత్రిగారు పేదల పాలిట కల్పవృక్షమట, వారి కరుణాకటాక్ష వీక్షణాలు మా పట్టణం మీద ప్రసరింపజేయాలట. నాలుగు మూలలా పసుపు. పసుపు చేత్తోనే పటం కూడా మడిచారేమో, గెడ్డ నదిలో కలిసేచోట ఒక వేలిముద్ర, దాని కింద ఉన్న కొలతలు కనిపించడం లేదు.

"ఏటి బావా ఇది? పెళ్ళి శుభలేఖా?" అన్నాను.

"మంచి పనికెళ్తన్నాం. పసుపు రాత్తే నీకేటి నొప్పి?"

"పసుపు సంగతి తర్వాత. ఈ కరుణాకటాక్షమేమిటి? మనం కట్టిన పన్ను మనకిమ్మంటున్నాం. బ్యాంకులో నీ డబ్బు తీసుకోడానికి వెళ్ళి మేనేజరు కాళ్ళకి దణ్ణం పెడతావా?"

"అప్పు కావాలంటే ఎడతాను," అన్నాడు. పెట్టెలో ఉన్న వాళ్ళంతా నవ్వారు. "నీ హేతువాదం మన గవరపాలెం దాటనివ్వకు బావా. అక్కడ పనవ్వాలంటే నడుం వంగాల. మనకి వంగడం రాదనే ఇన్నాళ్ళూ ఏదీ రాలేదు."

సచివాలయంలో ఆ వంగడం కళ్ళారా చూశాను. మాలాగే వచ్చిన ఊళ్ళు వరండా నిండా ఉన్నాయి. ఒక ఊరు జీడిపప్పు తెచ్చింది, ఒక ఊరు నేత పంచెలు. మేం బెల్లం దిమ్మలు. మా వంతు వచ్చింది. శాలువా కప్పారు, దండ వేశారు, ఫొటో తీశారు. మంత్రిగారు బెల్లం ముక్క నోట్లో వేసుకుని "మీ ఊరి బెల్లానికి తిరుగులేదయ్యా" అన్నారు. మా వాళ్ళ మొహాలు వెలిగిపోయాయి. గెడ్డ అనే మాట ఆ గదిలో ఎవరూ పలకలేదు. నేను నోరు తెరిచేసరికి తర్వాతి ఊరు లోపలికి వచ్చేసింది. వినతిపత్రం ఒక సహాయకుడి చంకలోకి వెళ్ళింది.

మొదటి కోరిక, ఆ నిబంధన సవరణ, ఏమైందో నాకు నేటికీ తెలియదు. దానికి ఎవరూ జవాబివ్వలేదు, మా వాళ్ళూ మళ్ళీ అడగలేదు. చట్టంలో ఒక వాక్యం మారితే ఏటా మన హక్కుగా వచ్చేది. దాన్ని అడగడానికి వాదించాలి, వంగితే చాలదు. అందుకని వదిలేశారు.

గెడ్డ సంగతి మాత్రం కదిలింది. మంజూరుకు ముందు ఇంజనీర్ల బృందం వచ్చి స్వయంగా చూస్తుందని కబురొచ్చింది. ఇది నాకు నచ్చింది. కళ్ళతో చూసి తేల్చుకోవడం కన్నా న్యాయమైన పద్ధతి ఏముంది? వెంటనే చేపలామె దగ్గరికి వెళ్ళాను.

"చెల్లెమ్మా, పెద్ద ఇంజనీర్లు వస్తున్నారు. ఎవరు ఏం చెప్పినా సరే, నేను వాళ్ళని నీ గోడ దగ్గరికి తీసుకొస్తాను."

"మా ఇంటికా?" అంది. కత్తిపీట మీద చేప ఆగిపోయింది. "నిజంగానే మా ఇంటికి తెత్తారేటి మేస్టారూ?"

"నిజంగానే."

ఆ మాటకి ఆమె మొహంలో కనబడిన సంతోషం గోడ గురించే అనుకున్నాను.

బృందం వచ్చే ముందురోజు మా వీధికి యంత్రాలొచ్చాయి. ఏళ్ళ తరబడి మేం అర్జీలు పెట్టి, కౌన్సిల్లో అడిగించి, చివరికి విసిగి మానేసిన పని, గెడ్డలో పూడిక తీయడం, సాయంత్రానికల్లా అయిపోయింది. మోటార్లు పెట్టి మురుగు తోడేశారు. రోడ్డుకి రెండు వైపులా బ్లీచింగ్ పౌడరుతో తెల్ల గీతలు గీశారు. అంటే మనుషులున్నారు, యంత్రాలున్నాయి, డీజిలుంది. మా కోసం లేవు. వచ్చేవాళ్ళ కోసం ఉన్నాయి!

తెల్లారి వెళ్ళేసరికి సందు మొదట్లో వెదురు కర్రలు పాతి ఆకుపచ్చ పరదా కట్టేశారు. దాని ముందు అరటి బోదెలు, మామిడాకుల తోరణం. మా బావ కొత్త చొక్కా వేసుకుని తోరణం సరిచేయిస్తున్నాడు.

"పరదా ఎందుకు?"

"లోపల అసియ్యంగా ఉంది కదా బావా."

"ఆ అసహ్యం పోగొట్టమనే కదా వాళ్ళని పిలిచింది!"

"ఇంటికి సుట్టం వత్తే మురికిగుడ్డలు ఎదురుగా ఆరేత్తావేటి?"

"వచ్చేది చుట్టం కాదు, వైద్యుడు. డాక్టరొస్తున్నాడని పుండుకి పౌడరు పూస్తావా?"

"నువ్వు గొంతు తగ్గించు. ఊరు శుభ్రంగా లేదంటే ఈళ్ళకి డబ్బిచ్చినా దండగే అనుకుంటారు," అన్నాడు. నిజంగానే నమ్మి అన్నాడు. నాకు అదే ఇంకా మండింది. దొంగ అయితే తిట్టి ఊరుకోవచ్చు.

బృందం వచ్చింది. శాలువాలు, కొబ్బరిబోండాలు. గెడ్డ అడుగున సన్నగా, తేటగా నీళ్ళు పారుతున్నాయి. అందరికన్నా పెద్దాయన వంతెన మీద నిలబడి "చాలా నీటుగా మెయింటైన్ చేస్తున్నారే" అని మెచ్చుకున్నాడు. మా వాళ్ళు చేతులు జోడించారు. జోడించారు! వేసిన కేసు తామే కొట్టేసుకుంటూ జోడించారు.

బృందంలో ఒక ఇంజనీరమ్మ వెనకబడి, గెడ్డ ఒడ్డున కొత్తగా గోకిన మట్టిని బూటు కొసతో కదిపి చూస్తోంది. ఆశ పుట్టింది. దగ్గరికి వెళ్ళి, "అమ్మా, రెండు నిమిషాలు. ఒక గోడ చూడండి. నీళ్ళు ఎంతెత్తు వస్తాయో అదే చెబుతుంది," అన్నాను. ఆమె తలూపింది. పరదా పక్కకి తప్పించి లోపలికి తీసుకెళ్ళాను. వెనక నుంచి మా బావ "ఒరేయ్ బావా" అని పిలుస్తున్నాడు.

గోడ తెల్లగా మెరుస్తోంది.

కింద నుంచి పైదాకా కొత్త సున్నం. అడుగున జేగురు రంగుతో పట్టీ. గుమ్మం ముందు కళ్ళాపి, ముగ్గు. చేపలామె పట్టుచీర కట్టుకుని, స్టీలు పళ్ళెంలో కుంకుమ భరిణె పెట్టుకుని నవ్వుతూ నిలబడి ఉంది.

"మరకలేవి చెల్లెమ్మా?" అన్నాను.

"అయ్యో, మరకల్తో ఎలగ సూపిత్తామండీ మేస్టారూ? పెద్దోళ్ళు వత్తన్నారని మీరే సెప్పేరు కదా. మాయాయనా నానూ రెండు రోజులు కష్టపడి ఏసేం."

ఇంజనీరమ్మ గోడని ముట్టుకుంది. వేలికి సున్నం అంటింది. "నీళ్ళు ఎంతవరకు వస్తాయమ్మా?" అని మెల్లగా అడిగింది.

చేపలామె నా వైపు చూసింది, ముగ్గు వైపు చూసింది. బజారులో చేప ధర దగ్గర ఎవరికీ తల వంచని మనిషి. "ఏదో… వత్తాయండీ, కొద్దిగా. ఉండండి, బొట్టెడతాను," అంది.

బొట్టు పెట్టించుకుని, వేలు రుమాలుకి తుడుచుకుని ఇంజనీరమ్మ వెళ్ళిపోయింది. కొన్నాళ్ళకి జవాబొచ్చింది. పని అత్యవసరమైనదిగా కనిపించలేదు, రాబోయే దశలో పరిశీలిస్తారట.

ఆ రోజు ఆమె మీద కోపం రాలేదా అని అడుగుతారు మా మిత్రులు. ఎందుకు రావాలి? రాజధానిలో మంత్రి ముందు మా పట్టణం చేసింది ఏమిటి, సందులో ఈమె చేసింది ఏమిటి? ఊరు బెల్లం పట్టుకెళ్ళింది, ఆమె కుంకుమ పట్టుకుంది. ఊరు పరదా కట్టింది, ఆమె సున్నం వేసింది. పాలించేవాడు దేవుడనీ, దేవుడు వచ్చే దారి శుద్ధి చేయాలనీ, దేవుడి ముందు మన కష్టం కొద్దిగా అని చెప్పుకోవాలనీ ఆమెకి నేర్పింది ఎవరు? ఓటడగడానికి ఆమె గుమ్మంలోకి వచ్చి కాళ్ళు పట్టుకున్నవాడే, గెలిచాక ఆమె సందుకి పరదా కడుతున్నాడు. ఆమె ఆలస్యంగా నేర్చుకుని ఉంటుంది, అంతే. నా కోపమంతా ఆ పాఠం చెప్పినవాళ్ళ మీద.

ఆ ఏడాది వానలకి గెడ్డ మళ్ళీ వెనక్కి తన్నింది. తీసిన పూడికని ఒడ్డునే పోశారు కదా, అదీ తిరిగి లోపలికే వచ్చింది. నీళ్ళు తీశాక వెళ్ళాను. తెల్లటి గోడ మీద ఒక్కటే మరక, నల్లగా, గీత గీసినట్టు. పాత చారల్లో ఏదీ ఇంత స్పష్టంగా కనిపించలేదు. చేపలామె ఇటుకల మీద నిలబెట్టిన మంచం మీద కూర్చుని బియ్యం ఆరబోస్తోంది.

"కొద్దిగానే వచ్చేయండీ," అంది, నన్ను చూసి. ఇద్దరం నవ్వాం. ఆ నవ్వులో సంతోషం లేదు.

మొన్న మళ్ళీ కబురు. ఇంకో బృందం వస్తోంది. మున్సిపల్ ఆఫీసు ట్రాక్టరు సందులో ఇంటింటికీ సున్నం సంచులు దించి వెళ్ళింది. ఈసారి ప్రభుత్వ ఖర్చే! సాయంత్రం మా బావ నా వరండాలోకి వచ్చి కూర్చున్నాడు.

"సందంతా తెల్లగా అయిపోయింది బావా. ఆ ఒక్క గోడే ఉండిపోయింది. నీ మాటంటే వింటాది. ఒకపాలి సెప్పు."

"చెబుతాను," అన్నాను. "పద, నీ ముందే చెబుతాను."

వెళ్ళాం. పరదా కర్రలు అప్పటికే పాతుతున్నారు. చేపలామె చేపల గంప గోడకి ఆనించి, దాని పక్కన కూర్చుని వల ముక్కతో ఏదో అల్లుతోంది. మరక ఆమె తలకి పైన ఉంది.

"సున్నం ఏటి సేసేవమ్మా?" అని అడిగాడు బావ.

"కోళ్ళగూటికి ఏసేను బాబూ. సుబ్బరంగా ఉంది. ఊరికే ఇచ్చేరు కదా, పారెయ్యడం ఎందుకు?"

"గోడకెయ్యాల కదా!"

"గోడకి ఎయ్యను. ఈపాలి వచ్చినోళ్ళు నీళ్ళు ఎంతవరకు వత్తాయని అడిగితే, ఇక్కడ నిలబడి సెప్తాను." లేచి గోడకి వీపు ఆనించి నిలబడింది. మరక ఆమె గుండెల దగ్గరికి వచ్చింది. "మాయాయనకైతే నడుందాకా. నాకిదిగో, ఇక్కడికి."

బావ నా వైపు తిరిగాడు. "సెప్తానన్నావు కదా, సెప్పు."

"చెల్లెమ్మా," అన్నాను, "ఆ గంప కొంచెం పక్కకి జరుపు. కింద కూడా కనబడాలి."

ఆమె గంప జరిపింది. నేను వెళ్ళి పరదా తాడు ముడి విప్పడం మొదలుపెట్టాను. ఊరికే వేసిన ముడి కాదు, గట్టిగా బిగించారు. బావ కాసేపు తిట్టాడు. పరదా మాత్రం నా మీద పడిపోకుండా పట్టుకుని నిలబడ్డాడు.