గట్టు మీది ఓబులేసు సారు

తడి రబ్బరు సూట్లు ఎండకు కాగే వాసన వస్తే చాలు, నా చేతిలో పని ఆగిపోతుంది. ఈ ఉదయమూ అంతే. జమ్మలమడుగు దగ్గర మేం డైవింగులో శిక్షణ ఇచ్చే నీళ్లగుంత గట్టు మీద సూట్లు ఆరేసి, టీ తాగుదామని కూర్చున్నాను. ఆ వాసన తగలగానే, "సార్, ఈ పొద్దు నీళ్లు శానా తేటగా ఉండాయి" అని పైకే అనేశాను. వినేవాళ్లెవరూ లేరు. ఓబులేసు సారు పోయి చాలాకాలమైంది, నా నోటికే ఆ సంగతి ఇంకా అలవాటు కాలేదు.

ఈ గుంత ఎవరూ తవ్వింది కాదు. అడుగున సున్నపురాయి కరిగి, ఎప్పుడో పైనేల ఒక్కసారిగా కుంగిపోయి, ఊటనీళ్లు నిండాయి. సారుది పెద్దముడియం. నౌకాదళంలో చేరి, విశాఖలో నీళ్లకింద పనిచేసి, చెవి పగిలి ఇంటికొచ్చారు. మళ్లీ మునిగితే వినికిడి పూర్తిగా పోతుందని డాక్టర్లు గట్టిగా చెప్పారట. అందుకని గట్టు మీదే కూర్చుని, బావుల్లోనూ పెన్నలోనూ మునిగినవాళ్లను వెతికేందుకు ముందుకొచ్చిన వాళ్లకు గాలి సిలిండరు కట్టుకుని మునిగే స్కూబా నేర్పేవారు. ప్రొద్దుటూరు బడిలో ఆటల టీచర్ని నేను. సంగతి తెలియగానే ఎగేసుకుని వెళ్లాను.

పులివెందుల దగ్గర మా చీనీతోట బావిలో ఈత నేర్చినదాన్ని. బావిలో బిందె పడితే అందరూ నన్నే పిలిచేవారు. అది సారుకు గొప్పగా చెప్పాను.

"ఊపిరి ఎంతసేపు బిగబడతావు మ్మా?" అని అడిగారు.

"మీరు చాలనేదాకా సార్."

"అదే నీ రోగం. బాయిలో ఊపిరి దాపెట్టుకుంటే బతుకుతావు. ఈడ దాపెట్టుకోని పైకొచ్చినావంటే, లోపలి గాలి ఉబ్బి ఊపిరితిత్తులు చినిగిపోతాయి."

మా వైపు బావి ఈతగాళ్లందరిదీ ఇదే తప్పట. తల మునగగానే, నోట్లో గాలి గొట్టం ఉన్నా సరే, ఊపిరి దానంతటదే బిగుసుకుంటుంది. దానికి ఆయన ఒక మందు కనిపెట్టారు. సిలిండరు పక్కన పెట్టుకుని, దాని గొట్టం నోట కరుచుకుని, గట్టు మీద చెనక్కాయలు ఒలవాలి. ఆయన ఎటో చూస్తున్నట్టు కూర్చుని, బాగున్న చెవి నా వైపు పెట్టి ఊపిరి చప్పుడు వినేవారు. చప్పుడు ఆగిందా, ఒక చెనక్కాయ వచ్చి నా నెత్తికి తగిలేది. గొర్రెలు తోలుకుపోతున్న ఒకాయన నిలబడి, "ఏందప్పా, ఆయమ్మకు ఆయాసమా?" అని అడిగాడు. "కాదు మామా, పొగరు. దిగుతాంది," అన్నారు సారు. నాకు ఒళ్లు మండిపోయింది. అయినా బస్తా ఖాళీ అయ్యాక గానీ ఆయన నన్ను నీళ్లలో దింపలేదు.

అంత ఒలిచినా, తొలిసారి దిగి పైకొస్తున్నప్పుడు పాత అలవాటు తన్నుకొచ్చింది. నా నడుముకు కట్టిన తాడు ఆయన చేతిలో ఉండేది. అది ఒక్కసారిగా గుంజుకుంది. ఉలిక్కిపడి గాలి వదిలేశాను. గట్టెక్కేసరికి ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"పైన బుడగలు ఆగిపోయినాయి. బుడగలు గాకుండా నువ్వు నాకు యాడ కనపడతావు చెప్పు?" అన్నారు. తిడతారనుకున్నాను. అంతలోనే గొంతు తగ్గించి, "లోపల ఏం జూసినావు?" అని అడిగారు.

అందరినీ అదే అడిగేవారు. మాస్కు తీసేలోపే అడిగేవారు. ఎండ నీళ్లలోకి ఎంత లోతుదాకా దిగింది, గోడ రాయి ఏ రంగులో ఉంది, చేపలు బెదిరాయా లేదా అని. మేం చెబుతుంటే కళ్లు మూసుకుని వినేవారు. ఆ మొహం చూస్తే నాకు జాలేసేది. అందుకే ఆయన కోసమని అన్నీ శ్రద్ధగా చూసి రావడం మొదలుపెట్టాను.

కొన్నేళ్లకు శిక్షణ బాధ్యత నాకే అప్పగించారు. ఒక మధ్యాహ్నం ఆయన తన పాత సూటు వేసుకుని వచ్చారు. పొట్ట దగ్గర జిప్పు పట్టలేదు.

"ఒక్కసారి దిగుతా మ్మా. శానా లోతు వద్దులే. నువ్వు పక్కనే ఉంటావు గదా."

"వద్దు సార్."

"ఈ చెవి ఎట్లాగూ పాయె. ఇంకోటి పోతే పోనీ."

"చెవి బాగలేని మనిషిని దింపద్దని చెప్పిందెవరు సార్? నేను దింపను."

ఒకసారి నీళ్లవైపు చూశారు. తర్వాత సూటు విప్పుకుంటూ, "సరే అనింటే నీకు ఇంగ తాడు ఇచ్చేవాణ్ణి కాదు," అని నవ్వబోయారు. నవ్వు సరిగా రాలేదు. ఆ మరుసటి ఏడు గుండెపోటుతో పోయారు.

కర్మ రోజున విశాఖ నుంచి ఆయనతో పనిచేసిన పెద్దాయన ఒకరు వచ్చారు. "నీళ్లలో మీ సారు చేతులు కట్టుకునే తిరిగేవాడండీ, పెరట్లో పచార్లు చేస్తున్నట్టు," అన్నారు. నేను పక్కకు పోయి ఏడ్చాను. మా అందరికీ చేతులు ఎలా ఆడించాలో గట్టు మీద నిలబడి నేర్పిన మనిషి, తనేమో చేతులు కట్టుకుని తిరిగేవాడట.

ఆ రోజు కాదన్నందుకు నాకు బాధ లేదు. ఇప్పుడు వచ్చి అడిగినా కాదనే అంటాను. కానీ నీళ్లకింద ఎలా బతకాలో నేర్పిన మనిషిని నీళ్లకింద ఒక్కసారి కూడా చూడలేదు. ఎంతోమందిని చూశాను, ఆయన్నే చూడలేదు. చూడాలని ఉంది. చేతులు కట్టుకుని ఆయన అలా ముందు పోతుంటే, తొందరేమీ లేకుండా వెనకాలే పోవాలని ఉంది.