పోయొస్తామన్న మాట

నా చిన్నప్పుడు మేము సౌదీలో, కొండమీది ఊరు తాయిఫ్‌లో ఉండేవాళ్లం. కడప నుంచి వచ్చిన మా నాన్న అక్కడొక ఆసుపత్రిలో డ్రైవరు. అదే ఆసుపత్రిలో నర్సుగా చేసే ఒక బ్రిటిష్ ఆవిడను రోజూ ఇంటి దగ్గర దించేవాడు. మేమంతా ఆవిడను మేడమ్ అనేవాళ్లం. ఖాళీ దొరికితే చాలు, మాయలోకాల కథలు రాసేది. కొండదారిలో కార్ల మీదికి ఎగబడే కోతులు ఆవిడ కథల్లో రాజుగారి కాపలావాళ్లు. ఆ కథలు అచ్చు కోసం లండన్‌కు వెళ్లినట్టే వెళ్లి, గోడకు కొట్టిన బంతిలా తిరిగొచ్చేవి. అయినా మానేది కాదు, మొండిమనిషి.

ఒక చలికాలం మా అమ్మ జ్వరంతో పోయింది. అక్కడే మట్టి చేశారు. ఏడాది తిరక్కముందే కఫీల్, అంటే నాన్నను పనిలో పెట్టుకున్న షేకు, పాస్‌పోర్టుల మీద ఫైనల్ ఎగ్జిట్ ముద్ర కొట్టించాడు. అది పడిందంటే ఆ దేశంతో రుణం తీరిపోయినట్టే. అమ్మను ఒక్కదాన్నే వదిలేసి పోతున్నామని నాకు కడుపు రగిలిపోయింది.

చెప్పిపోదామని మేడమ్ ఇంటికి వెళ్లాం. నాన్న అలవాటుగా "పోయొస్తాం మేడమ్" అన్నాడు.

"అబద్ధం! యాడికొస్తాం నాయనా? ఎగ్జిట్ కొట్టేసినారు గదా!" అని అరిచాను.

నాన్న అన్న మాటకు అర్థమేమిటని మేడమ్ అడిగింది. బయల్దేరేటప్పుడు ఒట్టి 'పోతా' అనకూడదు, పోవడమంటే చచ్చిపోవడం కూడా అని నాన్న వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు. వింటూ వింటూనే ఆవిడ ఏడ్చేసింది. నా ఈడు కూతురు చనిపోయాకే ఆవిడ కథలు మొదలుపెట్టిందని మాకు అప్పుడే తెలిసింది. తర్వాత నా బుగ్గ నిమిరి, వంకర తెలుగులో "పోయి రా" అంది. నా కోపమంతా ఏడుపై కారిపోయింది.

కొన్నేళ్లకు ఆవిడ పుస్తకాలు అచ్చయ్యాయి, పేరూ వచ్చింది. ఆ పుస్తకాల లోకంలో ఎవరూ ఒట్టి 'పోతా' అనరు. ప్రతి పుస్తకం చివరా తప్పిపోయిన పిల్ల ఇంటికొస్తుంది. జబ్బుమంచం మీద రాసిన ఆఖరి పుస్తకంలో మాత్రం రాదు. అయినా తల్లి తలుపు వేయదు. ఆ పుస్తకం అచ్చయ్యేసరికి మేడమ్ లేదు.

నాన్న కూడా మళ్లీ తాయిఫ్ చూడకుండానే పోయాడు. కొడుకు ఉద్యోగం పుణ్యమా అని నేను ఇప్పుడు జిద్దాలో ఉంటున్నాను. మొన్న వాడు నన్ను తాయిఫ్ తీసుకెళ్లాడు. ఖబరస్తాన్ లోపలికి ఆడవాళ్లను పంపలేదు. పంపినా సమాధుల మీద పేర్లుండవు. అమ్మ ఏ వైపు ఉందో తెలియక గోడ బయటే నిలబడ్డాను.

పొద్దు వాలుతోందని కొడుకు పిలిచాడు. ఈ వయసులో ఆ కొండమీదికి మళ్లీ వచ్చేది లేదని నాకు తెలుసు. అయినా గోడ మీద చెయ్యి పెట్టి, "పోయొస్తా అమ్మా" అన్నాను.