ఖాలా గుమ్మానికి వేపమండలు

పోలీసు చర్య నాటికి నాకు ఏడేళ్లు. లాలాగూడ రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్లం. పెద్దవాళ్లు గుసగుసలాడుకునేవారు, నేను వెళ్లగానే ఆపేసేవారు. నాకేమీ అర్థమయ్యేది కాదు. నాకు తెలిసిన గొడవల్లా మా పెరటి మునగచెట్టుదే. గొంగళిపురుగులు దాని ఆకంతా తినేశాయి. పక్కనున్న వేపచెట్టు మాత్రం పచ్చగా ఉంది. పురుగులకు ఇదెందుకు కనబడలేదని మా నాయనమ్మను అడిగాను.

"చెట్టుకు కాళ్లున్నయా బిడ్డా, ఉరకనీకి? గందుకే ఆకులల్లనే చేదు తయారుచేసుకుంటది. కొరికిన పురుగు మల్ల ముట్టదు," అంది. నేనూ ఒకాకు నమిలి వెంటనే ఉమ్మేశాను. మరి మునగచెట్టుకు ఆ తెలివి ఎందుకు లేదంటే, "నాకేమెరుక, పో," అని కసిరింది.

మర్నాడు పొద్దున్నే ఆవిడ వేపమండలు విరిచి, మేం ఖాలా అని పిలిచే పక్కింటి ముస్లిం పిన్ని గుమ్మానికి కట్టింది. గుమ్మానికి మండలు కట్టారంటే ఆ ఇంట్లో ఎవరికో అమ్మవారు పోసిందని, అంటే మశూచి వచ్చిందని గుర్తు. ఇంకెవరూ గడప తొక్కరు. కానీ ఖాలా ఇంట్లో ఎవరికీ జ్వరమైనా లేదు. ఆవిడ భర్త ఊళ్లో లేడు, నెలల పిల్లతో ఒంటరిగా ఉంది. ఇదేమిటని అడిగితే, "పసిగుడ్డునెత్తుకొని ఆమె యాడికి ఉరుకుతది? ఎవలన్న అడిగితె నువ్వు నోరిప్పకు," అంది నాయనమ్మ. నా అయోమయం ఇంకా పెరిగింది.

మధ్యాహ్నం కర్రలు పట్టుకుని, ముస్లింల ఇళ్లు వెతుక్కుంటూ ఏడెనిమిది మంది వచ్చారు. మండలు చూసి ఖాలా గుమ్మం ముందు ఆగిపోయారు. ఒకడు నావైపు తిరిగి, "ఏందే పోరీ, నిజంగనే పోసిందా? ఎవలకు?" అన్నాడు. అబద్ధమాడితే అమ్మవారికి కోపమొస్తుందని నేర్పింది నాయనమ్మే. ఇప్పుడు నిజం చెప్పొద్దన్నదీ ఆవిడే. ఏం చెయ్యాలో తోచక బావురుమన్నాను. వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకుని, ఒక్కొక్కరే వెనక్కి తిరిగి వెళ్లిపోయారు.

ఖాలా వచ్చి నన్ను వాటేసుకుని తనూ ఏడ్చింది. ఏదో పెద్ద తప్పు చేశాననుకుని హడలిపోయాను. ఆ సాయంత్రం నాయనమ్మ అమ్మవారికి పెరుగన్నం పెట్టి, లెంపలు వేసుకుని, "నీ పేరు వాడుకున్న తల్లీ, ఏమనుకోకు," అంది. నేనూ లెంపలు వేసుకున్నాను, ఎందుకో తెలియకుండానే.

నాకిప్పుడు ఎనభై దాటాయి. ఆ రోజు నా ఏడుపు అబద్ధమో కాదో ఇంకా తేల్చుకోలేకపోతున్నాను. ఎవరైనా ప్రాణభయంతో వచ్చి నాతో పొంతనలేని మాటలు చెబితే మాత్రం, నిజమేదని గుచ్చి గుచ్చి అడగను. ముందు లోపలికి రమ్మంటాను.