చెలిమ పక్కన పాతిన బోర్డు

ఆ పరుగు గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఉమ్మెయ్యాలనిపిస్తుంది.

కోసిగి గుట్టల్లో మారథాన్ పెడతామని పట్నం వాళ్లు వచ్చారు. ఊరివాళ్లు రుసుము కట్టక్కర్లేదు, బూట్లు కూడా ఊరికే ఇస్తామన్నారు. మమ్మల్ని ఫొటోల కోసం పిలిచారని తర్వాత తెలిసింది. నా స్నేహితురాలి ఆశ బూట్ల మీద కాదు, మెడల్ మీద. పరుగుకు పేరు ఇచ్చిందని తెలిసి ఆమె కోడలు నవ్విందట. "మంచం మీదనుంచి లేసేకి ఆయాసపడ్తాది, ఈమె గుట్టల్లో ఉరుకుతాదంట!" ఆ కోడలి కళ్లముందే మెడల్ గోడకు తగిలించాలని ఈమె పంతం. మధ్యాహ్నం పరుగు ముగిసేచోట గేటు మూసేలోపల చేరినవాళ్లకే మెడల్.

ఇద్దరం అరవై దాటినవాళ్లం. కట్టెల కోసం ఆ గుట్టలు ఎక్కీ దిగీ అరిగిన కాళ్లు మావి. మిరపకాయల కోతకు గుంటూరు పోయినా ఒకే గుడిసెలో ఉండేవాళ్లం. యాభై దాటాక సాయంత్రం బడికి కూడా కలిసే పోయాం. నేను అక్షరాలు పట్టుకున్నాను. ఆమె పలక తలకింద పెట్టుకుని పడుకునేది. "నువ్వు సదువుతాండావు కదా మే, మనిద్దరికీ ఒక్క సదువు సాలదా?" అనేది. అప్పటినుంచి బస్సు బోర్డు మొదలు మాత్రల అట్ట దాకా నేను చదవడం, ఆమె నమ్మడం. రాసి ఉన్నదేదైనా ఆమెకు కలెక్టరు మాటే.

పరుగునాడు తెల్లారుతూనే మమ్మల్ని వదిలారు. చెవులు పగిలేలా పాటలు, నొప్పుల మందు చిమ్ముకున్న ఘాటు. కెమెరా అమ్మాయి ఒకతె వచ్చి, బూట్లు కనబడేలా చీర ఇంకొంచెం ఎత్తమంది. "మావేం సినిమా కాళ్లామ్మా, పో పక్కకు!" అంది నా స్నేహితురాలు. మేం నవ్వింది అక్కడిదాకే. మొదటి గుట్ట ఎక్కేసరికి దారంతా అసహ్యం. పరిగెత్తేవాళ్లు బలానికని తీపి జిగురు చీకి పారేసిన పొట్లాలు, వాటికి మూగిన చీమలు. మేకలు నడిచే దారిలోనే నిలబడి ఉచ్చపోసే మగవాళ్లు, ఆడవాళ్లం వస్తున్నా పక్కకు తిరగరు. ఒకాయన వాంతి చేసుకుని, మూతి తుడుచుకున్న గుడ్డను కంపచెట్టుకు తగిలించి పోయాడు.

రెండో గుట్ట దిగితే వంక. అందులో ఇసుక తోడి చేసుకున్న చెలిమ ఉంది. మేకలు కాసేవాళ్లూ, కట్టెలకు పోయేవాళ్లూ తాగేది ఆ ఊటనీళ్లే. మేకలకు కిందుగా వేరే గుంట తీస్తాం. పైదాంట్లో చెయ్యి కూడా ముంచం, టెంకాయ చిప్పతో తోడుకుంటాం. దాని పక్కన పరుగువాళ్లు కొత్త బోర్డు పాతారు.

ఆమెకు పిక్క పట్టేసింది. కుంటుకుంటూ వచ్చి, "ఏమని రాసిండారు మే?" అంది.

నేను వేలు పెట్టి కూడబలుక్కున్నాను. "కాళ్లు చల్లబరచుకొను స్థలము."

బయటికి చదివేశాక గానీ అర్థం తలకెక్కలేదు. చెలిమను ఉత్త మడుగనుకున్నారు, సచ్చినోళ్లు. అప్పటికే ఆమె బూటు విప్పి మోకాలిదాకా కాలు దించేసింది.

"తియ్యే కాలు! తాగే నీళ్లే అవి!"

"నువ్వే కదా సదివితివి. రాసిండారు కదా!"

"రాసినోనికి బుద్ధి లేదు. నీకు కండ్లు లేవా? ఇన్నేండ్లు తాగలేదా ఈడ?"

"శానామంది ముంచిపోయినారు. నా కాలొక్కటే కనపడిందా నీకు? గేటు మూస్తారు మే!"

నిజమే, శానామంది ముంచారు. నీళ్లమీద మందు జిడ్డు తేలుతోంది. పుండుకు అంటించుకున్న పట్టీ ఒకటి ఆమె పిక్క పక్కనే తిరుగుతోంది. వాళ్లు పరాయివాళ్లు. ఈమె ఆ నీళ్లు తాగి పెరిగిన మనిషి.

బోర్డు పీకి అవతల పడేశాను. చిప్ప తీసుకుని మురికినీళ్లు తోడిపోశాను. పాతనీళ్లు పూర్తిగా పోతే తప్ప కొత్త ఊట తేటగా రాదు. "రా, నువ్వూ ఒక చెయ్యెయ్యి" అన్నాను. ఆమె చెలిమను చూసింది, దారిని చూసింది.

"నువ్వు తోడు మే. నవ్వింది నా కోడలు, నీ కోడలు కాదు" అని బూటు తొడుక్కుని పోయింది.

వెనకొచ్చినవాళ్లు కాళ్లు పెట్టబోతే తిట్టాను. ఆ తిట్లు రాయడానికి నాకు అక్షరాలు వచ్చు గానీ, రాయను.

నీళ్లు తేటపడ్డాక మిగిలిన దారి నడిచాను. గేటు ఎప్పుడో మూశారు, షామియానాలు విప్పుతున్నారు. ఆమె మెడలో మెడల్‌తో ఎదురొచ్చి, నాకోసం దాచిన అరటిపండు ఇవ్వబోయింది. తీసుకోలేదు. మెడల్ నా మొహం ముందుకు పట్టి, "దీనిమింద ఏమని రాసిండారో సదువు మే" అంది.

అన్నీ ఇంగ్లీషు అక్షరాలు. నాకు ఒక్కటీ రాదు. అయినా వేలు పెట్టి, కూడబలుక్కున్నట్టే చదివాను.

"తాగే నీళ్లల్లో కాళ్లు పెట్టినోళ్లకు, అని రాసిండారు."

ఆమె చుట్టూ ఒకసారి చూసి, మెడల్ తీసి కొంగున ముడేసుకుంది.

నేను చదివిందేదైనా ఆమె నమ్ముతుంది. ఆ మెడల్ ఇంతవరకూ గోడకెక్కలేదు. నేనూ ఆ మాట దిద్దలేదు.