సోంపు నమిలేంత సేపు

పొద్దున మూకుట్లో సోంపు వేయించాను. ఆ వాసన ఇల్లంతా పట్టగానే నకిరేకల్‌లో ఒక మేడమీది చిన్న గది, అందులో రజియా మేడం గుర్తుకొచ్చారు. భీవండిలో పెరిగిన నా మనవరాలివి, నీకు ఆమె తెలియదు. మీ అమ్మ చెప్పే ఉంటుంది, ఒకప్పుడు నాకు మనసు జబ్బు చేసింది. ఎవరూ లేనిచోట మాటలు వినిపించేవి. మగ్గం దిగి మంచమెక్కినదాన్ని చాలాకాలం లేవలేదు. మందులతో తేరుకున్నాక, తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో, నాకొక పని దొరికింది. అలాంటి జబ్బుతో ఉన్నవాళ్ల ఇళ్లకు వెళ్లి, అది పడి లేచిన మనిషిగా వాళ్లకు తోడు కూర్చోవడం. మాలాంటి వాళ్లను వారానికోసారి పిలిచి మా మాట వినడం రజియా మేడం పని.

అది తనిఖీ అనుకుని మొదట్లో వణికేదాన్ని. ఆమె సోంపు డబ్బా నా ముందుకు జరిపి, తనూ కాస్త నోట్లో వేసుకుని, నమలడం అయ్యేదాకా పలికేవారు కాదు. అయ్యాక కూడా ఇలా చెయ్యి, అలా చెయ్యి అనేవారు కాదు. ఇందుకూ జీతమిస్తారా అని లోలోపల అనుకునేదాన్ని.

కేతేపల్లిలో ఒకామె ఉండేది. అసలు పేరు చెప్పకూడదు, ఆండాలు అనుకో. మనలాగే నేతవాళ్లు. మందుగోళీలు మింగకుండా దిండు కింద దాచేది. ఒకరోజు అరచేయి నా ముందు చాపింది.

“అక్కా, నేను గూడ నీ లెక్క బాగైతనా? నా చేతుల చెయ్యేసి ఒట్టు వెయ్యి. వేస్తెనే గోలి మింగుత.”

నా చేయి దానంతట అదే వెనక్కి పోయింది. ఏదో పని ఉందని లేచి వచ్చేశాను. ఒట్టు వేశాక తగ్గకపోతే? వేయకపోతే ఆ కాస్త ఆశా పోతే?

రజియా మేడంకు ఇదంతా చెప్పాను. ఆమె ఆండాలు గురించి అడగలేదు. ఆ ఇంట్లోంచి ఎటు పోయావని అడిగారు. బస్టాండులో కూర్చున్నానని చెప్పాను. మా మోత్కూరు బస్సు కళ్ల ముందే వచ్చి పోయింది, ఇంకొకటీ పోయింది, నేను ఎక్కలేదు. ఎందుకో నాకే తెలియలేదు.

“ఆమె చెయ్యి సాపితె నీకేం భయమైంది?”

ఇంకాస్త సోంపు తీసుకుని నమిలాను. చివరికి, “నాకే మల్ల వస్తదేమోనని” అన్నాను. ఇంట్లో కూడా ఎవరితోనూ అనని మాట అది. ఆండాలు భయం, నా భయం ఎప్పుడు కలిసిపోయాయో తెలియలేదు.

“అది సరే మేడం, ఒట్టు వెయ్యాల్నా, వద్దా?”

“నాకు తెల్వదమ్మా. నీ భయం మాత్రం గీడ పెట్టి పో. వచ్చేవారం వచ్చి సూస్కో, నేనేం తినను.”

నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది.

మరునాడు ఆ ఇంటి గడప దాటేదాకా ఏం చెప్పాలో తేలలేదు. ఆండాలు మళ్లీ చేయి చాపింది. ఈసారి అందులో నా చేయి పెట్టాను.

“ఇది ఒట్టు గాదు. బాగైతవో లేదో నాకెర్కలేదు. నేను ఇంకా గోలీలు మింగుతున్న. అప్పుడప్పుడు భయమైతది. మంగళారం మల్ల వస్త, గంతే ఎర్క.”

“నీకు గూడ భయమైతదా?” అంది ఆండాలు. చేయి వదలలేదు. కానీ ఆ రోజు గోళీ మింగలేదు. మంగళవారం నేను వెళ్లేసరికి, గోళీ బయటికి తీసి, పక్కన చెంబుతో నీళ్లు పెట్టుకుని కూర్చుని ఉంది.

నేనన్నది మంచిమాటేనా, ఇంకొకరైతే ఆ మాటకే కుంగిపోయేవారా అని ఇప్పటికీ తేల్చుకోలేను. రజియా మేడంను అడిగితే డబ్బా ముందుకు జరిపారు. తర్వాత ఆమె మహబూబ్‌నగర్ వెళ్లిపోయారు. నేనూ ఓపిక తగ్గి ఆ పని మానేశాను. ఎదుటివాళ్ల బాధ ఎక్కడ ఆగి, నాది ఎక్కడ మొదలవుతుందో తెలియక మాత్రం ఇంకా తికమక పడుతూనే ఉన్నాను.

చిన్నీ, నిన్న నువ్వు ఫోన్‌లో, “ఊకె ఏడుపొస్తాంది అవ్వా, నీ లెక్క నాకు గూడ అయితదా?” అని అడిగావు. నేను పలకకపోయేసరికి లైను పోయిందనుకుని పెట్టేశావు. లైను పోలేదు తల్లీ. ఏం చెప్పాలో నాకింకా తెలియదు. నా భయం మాత్రం ఇక్కడ రాసి పెట్టాను. సాయంత్రం నేనే చేస్తాను, ఫోన్ ఎత్తు.