నేను బేరమాడి సున్నం వేయించిన ఇల్లు

ధరే చెప్పని మనిషితో బేరమాడి ఓడిపోయినవాడు శంషాబాద్ చుట్టుపక్కల నేనొక్కడినే. ఈ మాట కాస్త గర్వంగానే చెప్పుకుంటాను. పెళ్లికి ముందే జంటలు ఫొటోలు దిగడం మా వైపు అప్పుడప్పుడే మొదలైన రోజులవి. తన కిరాణా దుకాణంలో కూర్చోమన్న మా బాపు మాట కాదని, ఒక స్టూడియోలో చేరాను. (కెమెరా స్టూడియోది, మెడ మాత్రమే నాది.) నాకు దొరికిన మొదటి జంటకు పాత ఇల్లే కావాలట. "గోడలు పెచ్చులూడి ఉండాలె అన్నా, తలుపు వెలిసిపోయి ఉండాలె. కొత్తగ కనబడితె మాకొద్దు," అని పెళ్లికూతురు ముందే చెప్పింది. ఇది బాగా కుదిరితే ఇకపై జంటలన్నీ నాకే అన్నాడు స్టూడియో సేటు. చెడితే మళ్లీ పప్పులు తూచుకోవాల్సిందే.

వెతగ్గా వెతగ్గా మంఖాల్ ఊరు దాటాక ఒక గూనపెంకుల ఇల్లు కనిపించింది. సున్నం పొరలుగా లేచి, కింద నుంచి ఎర్రమట్టి తొంగిచూస్తోంది. తలుపు నీలిరంగు ఎండకు వెలిసి, వాన మబ్బు రంగుకు తిరిగింది. దానికి తాళం. కెమెరా ఎత్తబోయి ఆగాను. దుకాణంలో పెరిగినవాడిని, అడగకుండా ఎవరి సరుకూ ముట్టుకోను. పక్కనే కొత్త స్లాబు ఇంటి ముందు కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న అవ్వదే ఆ పాత ఇల్లు. "ఆ ఇంటి ముంగట ఫొటోలు తీసుకుంట అవ్వా. ఏమియ్యమంటవ్?" అన్నాను.

ఆమె జవాబు చెప్పేలోపు నెత్తిమీదికి విమానం వచ్చింది. అవ్వ పైకి చూస్తూ నోరు మూసుకుంది. (విమానం పోయేదాకా మాట ఆపి, పోయాక అందుకోవడం ఆ ఊరివాళ్ల అలవాటని తర్వాత తెలిసింది.) నాకు మాత్రం అది ఆరితేరిన వ్యాపారి మౌనంలా కనిపించింది. అవతలివాడు మాట్లాడకపోతే పెద్ద ధర వస్తోందని అర్థం, దానికి మందు, సరుకుకు వంకలు పెట్టడమేనని బాపు నేర్పిన విద్య. చప్పుడు తగ్గీ తగ్గకముందే అందుకున్నాను. "అయినా ఏమున్నదవ్వా గీ ఇంట్ల? సున్నం మొత్తం రాలిపాయె. తలుపుకు రంగు లేకపాయె. అరుగు పలిగింది. ఏదో నేను గాబట్టి అడుగుతున్న!"

అవ్వ ముఖం చిన్నబోయింది. "నిజమే బిడ్డా, మస్తు పాడైంది," అంది మెల్లగా. "పైసలేంది గని, ఐతారం రా. వచ్చి తీస్కో."

ఉచితం! ఇంటికెళ్లి చెబితే బాపు మొదటిసారి నన్ను మెచ్చుకోలుగా చూశాడు.

ఆదివారం జంటతో వెళ్లి కారు దిగాను. ఇల్లు తెల్లగా మెరిసిపోతోంది. తలుపుకు పచ్చరంగు, ఇంకా ఆరలేదు. అరుగు కొత్తగా అలికి ముగ్గు పెట్టి ఉంది. నేను పెట్టిన వంకలన్నిటికీ వరసగా జవాబులు. పట్టుచీర కట్టుకుని అవ్వ ఎదురొచ్చింది. "నువ్వన్నంక సిగ్గనిపిచ్చింది బిడ్డా. ఫొటో దిగుడంటె మనిషి మంచి బట్టలు కట్టుకోడా? ఇల్లుకు మాత్రం ఉండొద్దా? కొడుకులతోని కొట్లాడి సున్నం ఏయించిన. ఇగ చూడు, ఇంకేమన్న తక్కువున్నదా?"

పెళ్లికూతురు నా వైపు తిరిగింది. "గిదేందన్నా! గీ మాత్రానికి మా ఇంటి ముంగటనే దిగుతుంటిమి గదా!" పెళ్లికొడుకు అప్పటికే కారెక్కేశాడు. కారు వెళ్లిపోయింది.

"పోరికి ఇల్లు నచ్చలేదా బిడ్డా?" అని అవ్వ పరేషాన్ అయింది.

"నచ్చిందవ్వా. గింత మంచి ఇంటి ముంగట వాళ్లే తక్కువ కనబడతరట."

"గంతేనా!" అని అవ్వ పకపకా నవ్వింది. "అయితె నన్ను దియ్యి. నేనేం తక్కువ కనబడ." తలుపుకు ఆనుకుని నిలబడింది. కొంగుకు పచ్చరంగు అంటింది. ఇంతలో విమానం వచ్చింది. అది పోయేదాకా ఇద్దరం నోరు మూసుకుని నిలబడ్డాం. తర్వాత నొక్కాను.

ఇప్పుడు అక్కడ ప్లాట్ల హద్దురాళ్లు. అవ్వా లేదు, ఇల్లూ లేదు. ఆ దారిన పోయినప్పుడల్లా నా కళ్లు మొదటి రోజు చూసిన ఆ వాన మబ్బు రంగు తలుపు కోసమే వెతుకుతాయి. దాని ఫొటో ఎవరి దగ్గరా లేదు. ఆ రోజు అడక్కుండా ఒక్కటి నొక్కి ఉంటే అనిపిస్తుంది. కానీ ఆ ఇల్లు అలా కనబడటం దాని మనిషికే ఇష్టం లేదు కదా.

ఇక లెక్క. పోయినవి: స్టూడియో పని, మొదటి జంట, ఆ తలుపు. వచ్చింది: కొంగుకు పచ్చరంగంటిన ఒక నవ్వు. అవ్వ అడిగిన ధర సున్నా, నేను తగ్గించింది సున్నా. సున్నం ఖర్చు మాత్రం ఆమెది.